ఎనిమిది కుండల అన్నం

మా ప్రార్థనా మందిరం తూర్పు గోడను పదడుగులు వెనక్కి జరుపుతున్నారు. సంఘం పెరిగింది. ఆదివారం వస్తే సగంమంది బయట షామియానా కింద కూర్చోవలసి వస్తోంది. కొత్త గోడకు, కరెంటు ప్లాంటు బూడిదతో చేసే బూడిద ఇటుకలు తెప్పించారు. పాత గోడలోంచి ఊడదీసిన ఎర్ర ఇటుకల్ని పారేయకుండా తాపీమేస్త్రి నీళ్ల డ్రమ్ములో నానబెడుతున్నాడు. మొన్న పొద్దున నేను పక్కన నిలబడి ఉండగా ఒక ఇటుకను డ్రమ్ములో వదిలాడు. సుయ్‌మని సన్నటి చప్పుడు, వరసగా బుడగలు, ఆ వెనకే వాసన. ఎండి నెర్రెలిచ్చిన చెరువు మీద తొలి చినుకులు పడినప్పటి వాసన. బూడిద ఇటుకకు ఈ వాసన ఉండదు. నేను ఎన్నేళ్లుగానో దీన్ని మరిచిపోయాననే అనుకున్నాను.

మేస్త్రి ఆ ఇటుకను పైకి తీసి అరచేత్తో తుడిచాడు. దాని ముఖం మీద బట్టీవాళ్ల అక్షరాలు లేవు. వేలెడంత సిలువ గుర్తు ఉంది. "ఇదెవల బట్టీ సార్? గిసొంటి అచ్చు నేనెన్నడు చూడలే" అన్నాడు. "కొమురయ్య కాకది" అన్నాను. అంతకు మించి చెప్పలేకపోయాను. ఆ పేరు తెలిసినవాళ్లు మా సంఘంలో ఇప్పుడు పదిమంది కూడా ఉండరు. ఆయన ఇటుకలతో కట్టిన గోడల మధ్య కూర్చునే మేమంతా పాటలు పాడుతున్నాం. ఆయన గురించి రాయాలని చాలాసార్లు అనుకున్నాను. రాస్తే నా గురించి కూడా రాయాల్సి వస్తుందని ఆగిపోయాను.

కొమురయ్య కాక కుమ్మరి ఇంట పుట్టాడు. సారె మీద చెయ్యి కుదురుకునే వయసులో బాయిపని దొరికింది. ఇరవై రెండేళ్లు భూమి లోపల బొగ్గు నింపాడు. దగ్గు పట్టుకున్నాక, ముందే రిటైరయ్యే వీలు వస్తే తీసుకుని పైకి వచ్చేశాడు. వచ్చిన డబ్బుతో గోదావరిఖని నుంచి మంథని పోయే దారిలో, ఒక చెరువు కింద రెండెకరాలు కౌలుకు పట్టి ఇటుక బట్టీ పెట్టాడు. "ఇన్నేండ్లు కింద చీకటిని తవ్విన. ఇగ మీదికొచ్చి మన్ను పిసుక్కుంట. మా తాత చేసిన పనే కదా" అనేవాడు. మా నాన్న అదే బాయిలో టింబర్‌మెన్, కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. ఇద్దరిదీ ఒకే షిఫ్టు, ఒకే బెంచీ మీద చాయ్. నేను ఐటీఐ చదివి, ఉద్యోగం వస్తుందని ఎదురుచూస్తూ, పెళ్లయి కూడా ఇంట్లో కూర్చున్న రోజుల్లో ఒకనాడు కాక మా క్వార్టరుకు వచ్చాడు.

"అన్నా, నీ కొడుకును నాకియ్యి. ఉత్తగ కూసుంటె ఇనుముకు గుడ తుప్పు పడ్తది" అన్నాడు మా నాన్నతో. తర్వాత నా వైపు తిరిగి, "ఏం రా దానేలు, మన్ను ముట్టుకుంటవా, లేకుంటె సర్టిఫికెట్ మాసిపోతదా?" అని నవ్వాడు.

అలా ఏడు సీజన్లు నేను ఆ బట్టీని చూసుకున్నాను. దీపావళి దాటగానే ఒడిశా నుంచి కూలీల కుటుంబాలు దిగేవి. వేసవిలో తోలి కుప్పపోసిన చెరువు మట్టిని నీళ్లు పెట్టి తొక్కి, అచ్చుల్లో కొట్టి, ఆ పచ్చి ఇటుకల్ని ఎండకు వరసలు పరిచేవారు. ఎండిన వాటిని ఇంటి ఎత్తున పేర్చేవారు. వరసకూ వరసకూ మధ్య బొగ్గు పొడి చల్లడం, చుట్టూ మట్టితో మెత్తడం, అడుగున నిప్పు పెట్టడానికి అటు నాలుగు ఇటు నాలుగు పొయ్యిలు వదలడం, ఇవన్నీ అక్కడే చూసి నేర్చుకున్నాను. ఒక్క బట్టీకి నెలన్నర కష్టం. ఆ కష్టమంతా చివరికి ఒకే ఒక్క మంట చేతిలో ఉంటుంది. ఆ మంట మాత్రం కాక ఎవరికీ వదిలేవాడు కాదు.

ఆయన నాకు చెప్పిన మొదటి పాఠం ఇప్పటికీ చెవిలో ఉంది. కాలిన ఇటుకల్ని చూసి నేను ఎరుపును బట్టి వేరు చేస్తున్నాను. కాక వచ్చి నా చేతిలోవి లాక్కున్నాడు. "కండ్లతోని చూడకురా. కండ్లు మోసం జేస్తయి. చెవుతోని చూడు" అని రెండింటినీ ఒకదానికొకటి తట్టాడు. ఖంగుమంది, కంచు గిన్నెలా. తర్వాత నేను మంచిదని పక్కన పెట్టిన మరొక దాన్ని తట్టాడు. దబ్బుమని మొద్దు చప్పుడు. "చూసినవా? పైకి పెండ్లికొడుకు లెక్కనే ఉన్నది. లోపల పగిలింది." అప్పటినుంచి నేను ఇటుకనే కాదు, ఇంట్లో కుండను, బజారులో గ్లాసును కూడా తట్టి చూడటం మొదలుపెట్టాను. మా ఆవిడ నవ్వేది.

ఆదివారం పొద్దున నాకు పని చెప్పేవాడు కాదు. "పో, దేవుని దగ్గర మన బట్టీ ముచ్చట గుడ జెప్పు" అని పంపేవాడు. నేను ఆదివారపు బడిలో పిల్లలకు కథలు చెబుతానని తెలిసి, ఏ కథలు చెబుతావని అడిగాడు ఒకసారి. ఐగుప్తులో బానిసలుగా ఉన్న జనం గురించి, వాళ్లకు గడ్డి ఇవ్వకుండా ఇటుకలు చేయమన్న రాజు గురించి చెప్పాను. కాక చుట్ట పక్కన పెట్టి శ్రద్ధగా విన్నాడు. "గడ్డి లేకుంట ఇటుకలా? గా రాజుకు బట్టీ పని తెల్వదు. తెలిసినోడైతె గట్లడుగడు" అన్నాడు. ఆ రాజు గురించి నేను ఎన్నో ప్రసంగాలు విన్నాను. అంత సూటి మాట ఎక్కడా వినలేదు.

ఇక ఆ అన్నం సంగతి. బట్టీ పేర్చడం పూర్తయ్యాక నేరుగా బొగ్గు రాజేసేవారు కాదు. కాక ఎనిమిది చిన్న కుండలు తన చేత్తో చేసేవాడు. సారె ఎక్కడం ఏడాది మొత్తం మీద ఆ కుండల కోసమే. ఒక్కో పొయ్యి నోట్లో ఒక్కో కుండ పెట్టి, సన్నటి పుల్లలతో అన్నం వండేవారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, అలా రెండు రోజులు. ఆయన భార్య లచ్చవ్వ పొయ్యి పొయ్యికీ తిరుగుతూ పుల్లలు సర్దేది. మొదటి ముద్ద బట్టీని కాచే తల్లి మైసమ్మకు. మిగిలింది కూలీలకు, పిల్లలకు, దారిన పోయేవాళ్లకు. చివరి కుండ దిగాక ఎనిమిదింటినీ ఆ పొయ్యిల దగ్గరే పగలగొట్టేవారు. మూడోనాడు పొద్దున కాక బట్టీ పైకెక్కి బోర్లా పడుకుని, ఇటుకల సందుకు చెంప ఆనించి, కళ్లు మూసుకుని కాసేపు కదలకుండా ఉండేవాడు. లేచి, "తల్లికి చెమట ఆరింది. ఇగ బొగ్గెయ్యుండ్రి" అనేవాడు.

నేను ఆ పూట చెరువు వైపు తిరిగి నిలబడేవాణ్ని. మా ఇంట్లో ఊహ తెలిసినప్పటి నుంచి వాక్యమే అన్నం. ఒక్క దేవునికి తప్ప మోకాలు వంచకూడదని, విగ్రహానికి పెట్టింది ముట్టకూడదని నేర్చుకుని పెరిగాను. ఈ రోజుకీ అది నా విశ్వాసం. దానికి నేను సిగ్గుపడను. ఏడు సీజన్లలో ఆ కుండల్లోది ఒక్క మెతుకు తినలేదు. కాక ఒక్కసారి కూడా బలవంతం చేయలేదు. లచ్చవ్వను నేను చిన్నమ్మా అని పిలిచేవాణ్ని. ఆమె ఆ రెండు రోజులు గుడిసెలో వేరే పొయ్యి మీద నాకోసం అన్నం వండేది. "మా తల్లి నీ అన్నం తినది, నీ దేవుడు మా అన్నం తినడు. నడుమల లచ్చవ్వకు రెండు పొయ్యిల పని" అని కాక ఏడిపించేవాడు. చిన్నమ్మ మూతి విరిచి, "నీ పొయ్యిలే ఎనిమిది, నాదొక్కటెక్కువైందా? తినురా బిడ్డా, గాయన మాటలకు పన్ను లేదు" అనేది.

ఆరో సీజన్లో మా సంఘం రేకుల షెడ్డు తీసేసి మందిరం కట్టాలని తీర్మానించింది. ఇటుకలు కాక దగ్గరే తీసుకుందామని నేనే అన్నాను. అయ్యగారు ఒప్పుకున్నారు. అయ్యగారంటే మా పాస్టరుగారు. మరునాడు కాకకు చెబితే విని నేరుగా ఊళ్లోకి వెళ్లిపోయాడు. వారం తర్వాత వడ్రంగి దగ్గర చేయించిన కొత్త అచ్చులు తెచ్చి నా ముందు పెట్టాడు. మామూలుగా ఆయన అచ్చు అడుగున ఆయన పేరులోని రెండక్షరాలు ఉంటాయి. వీటి అడుగున సిలువ చెక్కించాడు. ఎవరూ అడగలేదు.

"కాకా, మరి నీ పేరు?"

"దేవుని ఇంటికి నా పేరెందుకురా? మంచిగున్నదా లేదా జెప్పు. గా పక్క కట్టె జర ఎక్కువ పొడుగైందని వడ్లాయనతోని కొట్లాడి మల్ల చెక్కిచ్చిన."

మంచిగున్నదని చెప్పాను. ఆ సాయంత్రం ఇంట్లో మోకాళ్ల మీద పడి కాక ఆత్మ రక్షణ కోసం కన్నీళ్లతో ప్రార్థించాను. అంత ప్రేమగా ప్రార్థించినవాణ్నే, నెల తిరక్కముందే ఆ పని చేశాను.

మందిరం ఇటుకలు పేర్చడం పూర్తయ్యేసరికి ఎండలు ముదిరాయి. సీజను అయిపోయిందని ఒడిశా వాళ్లు ఊళ్లకు వెళ్లిపోయారు. అదే వారంలో కాకకు ఆయాసం ఎక్కువై, చిన్నమ్మ ఆయన్ని కరీంనగర్ దవాఖానకు తీసుకుపోయింది. ఆయన వచ్చేదాకా ఆగుదామనుకున్నాను. కానీ ఆకాశం మబ్బు పట్టింది. ఒక రోజు గంటసేపు జల్లు కురిసింది. బట్టీ మీద కప్పిన పట్టాలు తడిస్తే, ఎత్తి చూసి భయపడి ఫోను చేశాను.

"మొగులు పట్టింది కాకా. పెద్ద వాన పడితే అంతా మన్నయిపోతది."

దగ్గు తగ్గేదాకా ఆగి ఆయన అన్నాడు. "ఫికర్ జెయ్యకు. నువ్వే ముట్టియ్యి. కుండలు పందిట్ల బోర్లేసిన. రెండు దినాలు అన్నం వండియ్యి, గటెన్క బొగ్గు. నీకు ముట్టబుద్ధి గాకుంటె ఎవ్వలతోనన్న వండియ్యి. తల్లికి చెమట ఆరాలె, ఇన్నవా? జల్ది జెయ్యకు."

సరే అన్నాను. అంతవరకు అబద్ధం కాదు. ఫోను పెట్టేసి బట్టీ చుట్టూ తిరిగాను. ప్రతి ఇటుక మీదా సిలువ. ఈ ఇటుకల ముందు మైసమ్మకు ముద్ద పెట్టించాలా? రేపు వీటి మధ్య రొట్టె విరిచి ప్రార్థన చేయాలా? నా మనసు ఒప్పుకోలేదు. ఎవరినీ అడగలేదు. అయ్యగారిని కూడా అడగలేదు. అడిగితే ఆయన ఏమనేవారో ఈనాటికీ తెలియదు. మా సంఘం యువకులు ఆరుగురిని పిలిచాను. వాళ్లకు బట్టీ ఆచారాలేవీ తెలియవు. మధ్యాహ్నం బట్టీ ముందు నిలబడి ప్రార్థన చేశాం. నేనే చేశాను, గట్టిగా, చాలాసేపు. తర్వాత ఎనిమిది పొయ్యిల్లోనూ మొద్దులు కుక్కి, బొగ్గు నింపి, ఒక్కసారిగా రాజేశాం.

గంట తిరగకుండా బట్టీ పైనుంచి తెల్లటి పొగ లేచింది. దట్టంగా, నిటారుగా. ఒక యువకుడు చేతులెత్తి, "అన్నా, మేఘస్తంభం!" అన్నాడు. అరణ్యంలో జనానికి ముందు నడిచిన మేఘం మా అందరికీ గుర్తొచ్చింది. పాట ఎత్తుకున్నాం. పాట మధ్యలో బట్టీ లోపలి నుంచి పటపటమని చప్పుళ్లు వినిపించాయి, పేలాలు వేగుతున్నట్టు. నేను విన్నాను. ఆరేళ్లలో ఎన్నడూ వినని చప్పుడు అది. అయినా పాట ఆపలేదు.

పొద్దు వాలుతుండగా వాళ్లను పంపించి పందిట్లోకి వెళ్లాను. ఎనిమిది కుండలు వరసగా బోర్లించి ఉన్నాయి. వాటి మీద కాక వేళ్ల గీతలు ఇంకా పచ్చిగానే ఉన్నట్టు కనిపించాయి. ఒక్కొక్కటీ తెచ్చి ఒక్కో పొయ్యి దగ్గర పగలగొట్టాను. ఎందుకని అప్పుడు ఎవరైనా అడిగితే, ముసలాయన మనసు నొచ్చుకోకూడదని చెప్పేవాణ్నేమో.

బట్టీ చల్లారేసరికి కాక తిరిగొచ్చాడు. మనిషి సగమయ్యాడు. మట్టిపూత రాల్చి పై వరస తీయించాడు. మొదటి ఇటుక ఆయన చేతిలోనే రెండు ముక్కలైంది, సరిగ్గా సిలువ మధ్యలోంచి. రెండోది తీశాడు. తట్టాడు. దబ్బు. మూడోది. దబ్బు. తట్టుకుంటూ, పక్కన పెట్టుకుంటూ పోయాడు. కాసేపటికి తట్టడం ఆపేశాడు. సగానికి పైగా పోయాయి.

ఆ ముక్కల్ని చూస్తూ, తల ఎత్తకుండానే అడిగాడు. "అన్నం వండినవారా?"

ఆ ఒక్క క్షణంలో నా మనసు ఎంత దూరం తిరిగిందో చెబితే నమ్మరు. వండలేదంటే, పూజ మానినందుకే బట్టీ పోయిందని కాక అంటాడు. ఊరంతా అంటుంది. సిలువ గుర్తున్న ఇటుకలు మైసమ్మ కోపానికి పగిలాయంటారు. నా ప్రభువు నామానికి అవమానం. ఆయన మహిమను కాపాడవలసినవాణ్ని నేనే అనుకున్నాను.

"వండిన కాకా. రెండు దినాలు వండిపిచ్చిన."

ఆయన పొయ్యిల దగ్గరి పెంకుల వైపు చూశాడు. తల ఊపాడు. "వండే ఉంటవు. నువ్వు అబద్ధమాడవు. ప్రార్థన జేసేటోల్లు మీరు" అన్నాడు. తర్వాత తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. "అయితే మన్ను నన్ను మోసం జేసింది. నేను కలిపిన మన్నే ఇది. నా చెయ్యి చెడిపోయిందిరా దానేలు."

వానాకాలం అంతా ఆ మాటే. అయ్యగారు ఇంటికి వెళ్లి, నష్టం సంఘం కూడా పంచుకుంటుందని చెబితే కాక ఒప్పుకోలేదు. "మాటిచ్చిన. మల్ల చేసిస్త" అన్నాడు. దీపావళి తర్వాత మొట్టమొదట మా ఇటుకలే కొట్టించాడు, అవే సిలువ అచ్చులతో. కానీ మట్టి కలపడానికి మరొకరిని పెట్టాడు. మంట పెట్టడానికి మందమర్రి నుంచి యాకూబ్ సాబును పిలిపించాడు. యాకూబ్ సాబు కూడా పేరున్న బట్టీ మనిషే. ఇరవై బట్టీల వాళ్లు ఆయన కోసం కాచుకుని ఉంటారు.

కాక అలవాటు కొద్దీ ఎనిమిది కుండలు చేశాడు. చిన్నమ్మ వండింది. సాబు ఆ పొయ్యిల మధ్య తిరుగుతుంటే నేను ఆయన వెంట ఉన్నాను. రెండో రోజు సాయంత్రం పైనుంచి లేస్తున్న తెల్లటి పొగను చూపించి అన్నాడు. "గా తెల్లపొగ ఆగేదాక బొగ్గు ముట్టియ్యొద్దు. అది పొగ గాదు, ఇటుకల నీళ్లు. చెమ్మున్న ఇటుకకు జోరుగ మంట తగిలితె లోపటి నీళ్లెటు పోతయి? పగలగొట్టుకొని పోతయి."

ఆనాడు పాట మధ్యలో విన్న పటపట చప్పుడు గుర్తొచ్చింది. "మరి ఈ అన్నం, సాబ్?"

"అన్నం ఉడకాలంటె మంట సన్నగుండాలె గద బేటా. పాతకాలపోల్లు అకల్ తోని, తెలివితోని పెట్టిన్రు. నేను అన్నం వండ, ఉత్త పుల్లలు పెడ్త. కొమురన్న వండుతడు. రెండొక్కటే. వండినంక గుడ పోయినేడు బట్టీ ఎట్ల పగిలిందో నాకైతె సమజైతలేదు."

మూడో పొద్దున సాబు పైకెక్కి ఇటుకల సందులో చెయ్యి పెట్టి చూశాడు. కిందికి కేకేశాడు. "కొమురన్నా, ఒక్కసారి మీదికొచ్చి నువ్వు గుడ జూడు."

కాక దూరంగా, వేప మొద్దు దగ్గర, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. తన బట్టీ దగ్గర పరాయివాడిలా. "వద్దు సాబ్. నువ్వే జూడు. నా చెంప ఇగ పని జెయ్యది" అన్నాడు.

అప్పుడే నాకు తెలిసింది, ఆయన ఇన్నేళ్లూ పైకెక్కి చేసింది సాగిలపడటం కాదని, చెంపతో చెమ్మ చూసుకోవడమని. ఒకవేళ అదీ ఉందేమో. రెండూ కలిసే ఉన్నాయేమో, ఆయనకు వేరు చేయాలని ఎన్నడూ అనిపించలేదేమో. నేను మాత్రం చెరువు వైపు తిరిగి నిలబడి ఆరు సీజన్లు ఆ పాఠం వినలేదు. మా ఇద్దరి మధ్య పది అడుగుల దూరం. పది అడుగులు నడిచి, "కాకా, నీ మన్ను మంచిదే, నీ చెయ్యి మంచిదే, నేను వండలేదు" అంటే చాలు. ఇప్పుడైతే ప్రభువు నామానికి వచ్చే అవమానం కూడా ఏమీ లేదు. చెమ్మ సంగతి సాబే చెప్పాడు. అడ్డం వచ్చింది నా పేరు ఒక్కటే. "నువ్వు అబద్ధమాడవు" అన్న మాట ఒక్కటే. నేను కదల్లేదు.

ఆ బట్టీ బంగారంలా కాలింది. ఒక్కో ఇటుకా ఖంగుమంది. మా మందిరం లేచింది. ప్రతిష్ఠ రోజు అయ్యగారు కాకకు శాలువా కప్పారు. కాక గోడ దగ్గరికి వెళ్లి ఒక ఇటుకను వేలితో తట్టి, "సాబు చెయ్యి" అన్నాడు నాతో, మెల్లగా. ఆ తర్వాత సీజన్లో ఆయన బట్టీ పెట్టలేదు. అప్పటికే చుట్టుపక్కల బూడిద ఇటుకల యూనిట్లు వస్తున్నాయి. చిన్న బట్టీలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. ఎవరైనా అడిగితే నేను కూడా అదే కారణం చెప్పేవాణ్ని. నాకు నేను కూడా అదే చెప్పుకునేవాణ్ని. నాకు ఒక స్కూల్లో గుమాస్తా పని దొరికింది. నన్ను సంఘ పెద్దగా ఎన్నుకున్నారు. దేవుని ముందు ఆ పాపం ఎన్నిసార్లు ఒప్పుకున్నానో లెక్కలేదు. అర్పణను బలిపీఠం దగ్గర వదిలి ముందు సహోదరునితో సమాధానపడాలని ఆ మందిరంలోనే, ఆ గోడల మధ్యే, చాలాసార్లు బోధించాను. దేవునికి చెప్పడం తేలిక. ఆయనకు ముందే తెలుసు. తెలియని మనిషికి చెప్పడమే కష్టం.

రెండుసార్లు చెప్పాలనే వెళ్లాను. ఒకసారి ఇంట్లో చుట్టాలున్నారు. ఇంకోసారి కాక ఒక్కడే, మంచం మీద. నేను నోరు తెరిచేలోపే, "నీ సంఘం గోడలు మంచిగున్నయా? చెమ్మ దిగుతలేదు గద?" అని అడిగాడు. మంచిగున్నాయని చెప్పి, ప్రార్థన చేసి వచ్చేశాను.

తెలంగాణ వచ్చిన ఏడాది, వీధుల్లో గులాల్ ఇంకా పూర్తిగా కడుక్కుపోని రోజుల్లో కాక చనిపోయాడు. దినాల నాడు వెళ్లాను. జనం పలచబడ్డాక చిన్నమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంటే పక్కన కూర్చుని చెప్పాను. మొత్తం చెప్పాను, కుండలు పగలగొట్టడంతో సహా.

"వండనే లేదా?" అంది.

"లేదు చిన్నమ్మా."

"ఒక్క కుండ గుడ?"

"ఒక్కటి కూడా."

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. నాతో కాదన్నట్టు, వాకిట్లోకి చూస్తూ అంది. "నాలుగేండ్లు ఆయన పొద్దుగాల లేసుడుతోనే గీ గోడకు చెంప ఆనిచ్చేటోడు. సల్లగున్నదానే, తడిగున్నదానే అని నన్నడుగుతుండె. నేను చెప్తె నమ్మకపోతుండె. నా చెంపకేమైందే లచ్చవ్వా అనేటోడు. గీ ఒక్క మాట జెప్తె ఇంకో పది బట్టీలు కాల్చేటోడురా బిడ్డా. బట్టీలు లేకున్నా మానె, నిమ్మలంగ పోయేటోడు."

బూడిద ఇటుకల గురించి నేను ఏమీ అనలేదు.

కాసేపటికి లేచి లోపలికి వెళ్లి విస్తరి తెచ్చి నా ముందు వేసింది. "తిను. దినాల అన్నం నువ్వు తినవని నీకు పొద్దుగాలనే వేరే పొయ్యి మీద వండి పెట్టిన" అంది. నా మాట విన్న తర్వాత కూడా ఆ అన్నం నాకే వడ్డించింది. తల వంచుకుని తిన్నాను.

ఇదంతా సంఘంలో ఎన్నడూ చెప్పలేదు. తూర్పు గోడ పూర్తయ్యాక ప్రతిష్ఠ కూడిక ఉంటుంది. పాతవాణ్ని కనుక నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. మొన్న మేస్త్రి ఊడదీసిన ఇటుకల్లోంచి రెండు తీసుకుని తట్టాను. ఇన్నేళ్ల తర్వాత, సున్నం, సిమెంటు అంటుకుని ఉన్నా, ఖంగుమన్నాయి. మా ఇంట్లో బీరువా కింది అరలో, ఆనాడు కాక చేతిలో రెండు ముక్కలైన ఇటుక ఉంది. దాన్ని తట్టి చూడాల్సిన పని లేదు. కాక నేర్పిన చెవి మాత్రం నాతోనే ఉంది. కూడికలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పబోయిన ప్రతిసారీ, పెదవి దాటకముందే నా మాటను లోపల తట్టి చూసుకుంటాను. ఖంగుమంటే చెబుతాను. లేకపోతే కూర్చుంటాను. ఇన్నేళ్లలో చాలాసార్లు కూర్చున్నాను.